వేసవి నడక, ఒక ఫొటో, ఒక నానీ
(షుగరు రోగుల అవగాహన సదస్సులో నర్సు ప్రసంగం)



డాక్టరుగారు పిలిచేలోగా నా సంగతి ఒకటి చెప్తాను. మీకు షుగరు పరీక్షలు చేసే నాకే ఆరేళ్ల కిందట షుగరు వచ్చింది. "రోజూ నడవండమ్మా" అని మీకు చెప్పిన నోటితోనే "నాకు తీరిక లేదండీ" అని డాక్టరుగారితో అన్నాను. వేసవిలో అయితే మరీ బద్ధకం.

అప్పుడు మా అమ్మాయి ఒక షరతు పెట్టింది: "అమ్మా, రోజూ నడిచి ఒక ఫొటో తీసుకురా. దాని కింద నాలుగు ముక్కలు రాయి." మరునాటి నుంచి తెల్లవారుజామున ఐదున్నరకు పొన్నూరు కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాను. తాటిముంజల బండి, రోడ్డు పక్కన ఆరబోసిన మొక్కజొన్న, నీళ్లు కట్టేసిన కాలువ, ఏదో ఒకటి ఫోనులో తీసేదాన్ని.

రాయడానికి నానీ అనువుగా ఉంది. ఆచార్య ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన చిన్న కవిత ఇది. నాలుగు పంక్తులు, 20 నుంచి 25 అక్షరాలు, అంతే. నా మొదటిది వినండి:

కాలువ ఎండింది
కొంగ ఒక్కటే
ఇంకా
నీటిని నమ్ముతోంది

నవ్వకండి! రేపేం దొరుకుతుందో అన్న ఆశే నన్ను మంచం మీద నుంచి లేపింది. వారానికి 150 నిమిషాల నడక తెలియకుండానే పూర్తయ్యేది.

ఒకరోజు ఏమీ తోచక నా అరికాలినే ఫొటో తీశాను. చూస్తే మడమ దగ్గర బొబ్బ! చెప్పు కరిచింది. నాకు తెలియనే లేదు. షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గిపోయిందన్నమాట. నర్సునై ఉండి నేనే గమనించలేదు. అలాగే నడిచి ఉంటే పుండై, వేలు తీయాల్సి వచ్చేదేమో. ఆ రోజు రాసింది ఇది:

కాలికి నొప్పిలేదు
ఫొటో చెప్పింది
చెప్పు కరిచిన
సంగతి

అందుకే ఇప్పుడు రోజూ రెండు ఫొటోలు: దారిది ఒకటి, పాదాలది ఒకటి. ఫోను లేనివారు నేలమీద అద్దం పెట్టి చూసుకోండి. ఎర్రదనం, బొబ్బ, పగులు, వాపు, ఏది కనిపించినా సొంత వైద్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఎండ సంగతి మరవకండి. ఏడింటిలోపు ఇల్లు చేరండి. వట్టి కాళ్లతో నడవొద్దు. వెంట మంచినీళ్లు ఉంచుకోండి. గుండె, కిడ్నీ జబ్బున్నవారు నీళ్లెన్ని తాగాలో డాక్టరుగారిని అడగండి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారు జేబులో కాస్త పంచదార ఉంచుకోండి. వణుకు, చెమట, నీరసం వస్తే వెంటనే నోట్లో వేసుకోండి. ఎవరైనా ఎండలో ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి పడిపోతే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

వచ్చే నెల చీటీతోపాటు మీ నానీ కూడా తెండి. ముందు మీ పాదం చూస్తాను, తర్వాత మీ పద్యం వింటాను.