తుపాను వెలిసిన తరువాత అత్యవసర ప్రకటనను పొడిగించుట ఎందుకు?



వాన వెలిసి రెండు నెలలైనది. బాటలు ఆరినవి. పత్రికలు తుపాను మాట మరచినవి. అట్టి సమయమున జిల్లా పాలకవర్గము సమావేశమై, "అత్యవసర పరిస్థితి ఇంకను తొలగలేదు, ప్రకటనను పొడిగించుచున్నాము" అని తీర్మానించినచో మీరేమందురు? నిధులు రాబట్టుకొనుటకు పన్నిన ఉపాయమని కొందరైనను అనకపోరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 2023వ సంవత్సరమున ఇట్టి తీర్మానములు పెక్కు జరిగినవి. అక్కడి రైతులు కూడ మనవలెనే ప్రత్తి, టొమాటో పండించువారు. కావున ఆ సంగతి మనము తెలిసికొనదగినది.

ఆ రాష్ట్రములో వానకాలము చలికాలమే. 2022 డిసెంబరు చివరనుండి జనవరి నడిమి వరకు పసిఫిక్ సముద్రమునుండి తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడినవి. జనవరి 4న గవర్నరు రాష్ట్రమంతటికి అత్యవసర పరిస్థితి ప్రకటించెను. మార్చిలో మరల తుపానులు వచ్చినవి. రాష్ట్ర ప్రకటన ఉన్నను స్థానిక ప్రకటన వేరు. అక్కడ జిల్లాను కౌంటీ అందురు. అధికారము పొందిన ఉద్యోగి ప్రకటన చేయవచ్చును గాని, 7 దినములలో ఎన్నికైన పాలకవర్గము దానిని ఆమోదింపవలెను. లేనిచో అది చెల్లదు. ఆమోదించిన తరువాత కనీసము 60 దినములకొకసారి, ఇంకను అవసరమా కాదా అని సభలో విచారింపవలెను. అవసరము తీరినచో సాధ్యమైనంత త్వరలో ముగింపవలెనని కూడ చట్టమే చెప్పుచున్నది. ఈ గడువు మంచి ఏర్పాటని నా అభిప్రాయము. అత్యవసరము పేరిట మామూలు టెండర్లు లేకుండ పనులు చేయించు వీలు ఎవరి చేతిలోను ఏండ్ల తరబడి అడుగువారు లేకుండ ఉండరాదు.

ఇక పొడిగింపు ఎందుకు? నీటి నష్టము వానతో ముగియదు గనుక. మార్చి 10వ తేదీ అర్ధరాత్రి ప్రాంతమున మాంటెరే కౌంటీలో పాహరో నది కట్ట తెగినది. అది 1949లో కట్టిన కట్ట. ఊరు ఖాళీ అయినది. స్ట్రాబెర్రీ తోటలు మునిగినవి. వరద నీరు తాకిన పండు కడిగినను తినుటకు పనికిరాదని అక్కడి ఆహార శాఖ చెప్పును. ఆ ప్రాంతమున ఆకుకూరలు పండించువారు, మునిగిన నేలలో 60 దినములు విత్తరాదని తమకు తామే నియమము పెట్టుకొన్నారు. మట్టి పరీక్ష చేయించినచో 30 దినములకు తగ్గించుకొనవచ్చును. చూడుడు, నీరు తీసిన తరువాత కూడ నేల రెండు నెలలు పనికిరాకపోయినది. కూలి జనమునకు ఆ రెండు నెలలు పని ఎక్కడిది?

టులారీ సరస్సు కథ ఇంకను విచిత్రము. దానిని ఎండగట్టి పొలములు చేసి చాలకాలమైనది. 2023లో అది తిరిగి వచ్చి లక్ష ఎకరములకు పైగా నేలను ముంచినది. ఏప్రిల్ 1 నాటికి సియెరా కొండలలోని మంచు సగటుకు 237 శాతము ఉండెను. అది కరగి దిగుచుండగా, వాన లేని వేసవిలోనే నీరు పెరిగినది. ఆ సమయమున ప్రకటన ముగిసినదనుట ఎట్లు?

చెట్ల మాట వేరు. నీరు నిలచిన తోట వెంటనే చావదు. గాలి అందక వేరు కుళ్ళును, ఎండ ముదిరినపుడు ఆకు వాడును. మన నిమ్మ తోటలలో మీరెరిగినదే. మునిగిన వారమునకు చూచి "తోట బాగున్నది" అని వ్రాసికొనిపోయిన అధికారి లెక్క ఆరు నెలలకు తప్పగును.

అయితే పొడిగించినంత మాత్రమున రైతు చేతికి సొమ్ము రాదు. అది ముఖ్యముగా కట్టలు, రోడ్లు, పారుదల పనులకు, పై ప్రభుత్వముల సాయమునకు దారి. పంట నష్టమునకు రైతు వేరుగా బీమాకు తెలుపుకొనవలెను. అమెరికాలో నష్టము కనుగొన్న 72 గంటలలో తెలుపవలెను. ఈ 72 గంటలు మనకు కొత్త కాదు. ప్రధాన మంత్రి ఫసల్ బీమా పథకము అమలులోనున్న చోట, కోసి పొలములో ఆరవేసిన పంట 14 దినములలోపల తుపాను వానకు చెడినచో, తెలుపు గడువు 72 గంటలే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినపుడు డెల్టాలో కోసిన వరి పనలు నీట తేలినవి. పెట్టుబడి రాయితీకి 33 శాతము లేక అంతకు మించి నష్టము ఉండవలెను. 2022-26 నిబంధనలలో నీటి వసతిగల పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, 2 హెక్టార్ల వరకు. గణనకు వచ్చువారు ఒక్కసారే రావచ్చును. కావున మునిగిన దినమున, నీరు తీసిన దినమున, గింజ మొలకెత్తిన దినమున పొలము ఫోటోలు తేదీతో తీసి ఉంచుడు. నిలచి పడిపోయిన వరికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లినచో మొలక కొంత ఆగును. చల్లుటకు ముందే ఫోటో తీయుడు. కౌలు రైతులు సాగు హక్కు పత్రమును పంట వేయునపుడే తీసికొనవలెను. తుపాను వచ్చిన తరువాత దానికై తిరిగినచో గణన జాబితా మీకంటె ముందే మండల కార్యాలయము చేరిపోవును.