మన పార్లమెంటు సభ్యుడు ఎవరి మాట వింటాడు?

(పుదుచ్చేరి పట్టణంలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన వేతనం, పింఛను, పనిగంటలు, చివరకు మన శాఖల స్వరూపం సైతం ఢిల్లీలో నిర్ణయమవుతున్నవి. కనుకనే ఏ శాఖా సమావేశానికి వెళ్ళినా పార్లమెంటు సభ్యులను గురించి కొన్ని ప్రశ్నలు తప్పక వినవస్తున్నవి. వానిలో అయిదింటికి ఈనాడు సమాధానం చెప్పదలచినాను. ఏ పార్టీనీ పొగడుట గాని, తెగడుట గాని నా ఉద్దేశం కాదు.

మొదటి ప్రశ్న: మనకు ఎందరు సభ్యులున్నారు?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి లోక్‌సభలోని 543 స్థానాలలో ఒక్కటి, రాజ్యసభలోని 245 స్థానాలలో ఒక్కటి కలవు. ఈ పట్టణపు ఓటరు, కారైకాల్ ఓటరు, కేరళ తీరంలోని మాహే ఓటరు, గోదావరి తీరాన ఉన్న యానాంలోని తెలుగు ఓటరు అందరూ కలసి లోక్‌సభకు ఒక్కరినే ఎన్నుకుంటారు. రాజ్యసభ సభ్యుని శాసనసభకు ఎన్నికైన 30 మంది ఎన్నుకుంటారు. 2021లో రాజ్యసభకు ఎన్నికైన ఎస్. సెల్వగణపతి భారతీయ జనతా పార్టీకి చెందినవారు. 2024లో లోక్‌సభకు మరల ఎన్నికైన వి. వైద్యలింగం కాంగ్రెస్ పార్టీకి చెందినవారు. ప్రాంతం ఒక్కటే, పార్టీలు రెండు. ఒకే బిల్లుపై ఒకరు అవునంటే మరొకరు కాదనవచ్చును.

రెండవ ప్రశ్న: మన కష్టం తెలిసిన సభ్యుడు, పార్టీ వద్దన్నా మనవైపు ఓటు వేయరాదా?

వేయవచ్చును గాని, పదవిని పణంగా పెట్టి వేయవలెను. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదవ షెడ్యూలు చేరినది. పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని, అనగా విప్‌ను, ముందుగా అనుమతి పొందకుండా ధిక్కరించి ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజులలోగా మన్నించనిచో సభ్యత్వం పోవచ్చును. 1992లో కిహోటో హొల్లొహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును ప్రధానంగా సమర్థిస్తూనే, ఇట్టి శిక్షను ప్రభుత్వ మనుగడకు, పార్టీ ముఖ్య విధానాలకు సంబంధించిన ఓటింగుకు పరిమితం చేయుట మేలని సూచించినది. అయినను పార్టీలు సాధారణ బిల్లులకు కూడా విప్ జారీ చేస్తూనే ఉన్నవి.

మూడవ ప్రశ్న: విప్‌కే ఇంత కట్టుబాటు ఉండగా, సభ్యులు పార్టీలు మారుట ఎట్లు సాధ్యం?

ఒంటరిగా పార్టీని వదలినవాడు పదవిని కోల్పోతాడు. సభలోని పార్టీ సభ్యులలో మూడింట రెండు వంతులు విలీనానికి అంగీకరిస్తే అనర్హత లేదు. మూడవ వంతు చీలికకు ఉండిన మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించినది గాని, ఈ విలీనపు మార్గం నిలిచియున్నది. 2019 జూన్‌లో రాజ్యసభలో తెలుగుదేశం పార్టీకి ఉన్న ఆరుగురిలో నలుగురు భారతీయ జనతా పార్టీలో విలీనమైనారు. సరిగా రెండు వంతులే గనుక వారి స్థానాలు పోలేదు. ఒక్కరు దాటితే ఫిరాయింపు, నలుగురు దాటితే విలీనం!

నాల్గవ ప్రశ్న: మన సభ్యుడు ఎటు ఓటు వేసినాడో ఎట్లు తెలుస్తుంది?

అనేక పర్యాయాలు తెలియదు. తపాలా సోదరులు దీనిని శ్రద్ధగా గమనించవలెను. 1898 నాటి తపాలా చట్టం ఉత్తరాల రవాణాలో ప్రభుత్వానికి ప్రత్యేక హక్కు నిచ్చినది. దాని స్థానంలో వచ్చిన 2023 తపాలా చట్టంలో ఆ హక్కు లేదు. ఆ బిల్లు లోక్‌సభలో 2023 డిసెంబరు 18న మూజువాణి ఓటుతో నెగ్గినది. ఆనాడే ఉభయ సభలలో 78 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండు చేయబడినారు. 2024 జూన్ 18 నుండి చట్టం అమలులోకి వచ్చినది. ఇంతటి మార్పునకు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చూపు పట్టిక లేదు. మూజువాణి ఓటులో గొంతులే గాని పేర్లుండవు. స్పీకరు నిర్ణయాన్ని సభ్యులు సవాలు చేసి డివిజన్ కోరి సాధించినపుడే పేర్లు నమోదవుతవి. డివిజన్ అనవసరమని స్పీకరు తలచి సభ్యులను నిలబెట్టి లెక్కించినచో, అప్పుడును పేర్లు దక్కవు.

అయిదవ ప్రశ్న: నా బదిలీకి ఎం.పి.గారి సిఫారసు ఉత్తరం తెచ్చుకొనవచ్చునా?

కూడదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోను, 1966 నాటి రైల్వే నియమావళిలోను 20వ నియమం, సొంత సర్వీసు విషయాలకు రాజకీయ పలుకుబడిని వినియోగించుటను నిషేధిస్తున్నది. 5వ నియమం ప్రకారం మనం రాజకీయ పార్టీలో సభ్యులం కారాదు. ఓటు హక్కు మాత్రం మనకు సంపూర్ణంగా కలదు. ఒక్కని మేలుకు సిఫారసు వేరు, అందరి సమస్యపై యూనియన్ సమర్పించు వినతిపత్రం వేరు.

మిత్రులారా, ఈ అయిదు సమాధానాలను కలిపి చూచినచో మన కర్తవ్యం స్పష్టమవుతుంది. సభ్యుడు మంచివాడా కాడా అని విచారించుట చాలదు. విప్ జారీ చేయునది పార్టీ గనుక, బిల్లు ఓటింగుకు రాకముందే ప్రతి పార్టీ సభానాయకునికి, విప్‌కు మన వినతిపత్రం చేరవలెను. మన సభ్యుని అడుగవలసిన మొదటి మాట, "డివిజన్ కోరండి" అని. రెండవ మాట, "ప్రశ్న వేయండి" అని. ప్రతి నిర్ణయమూ ముందు పార్లమెంటులో ఓటుకు రాదు. 2004 జనవరి 1 నుండి చేరినవారికి పాత పింఛను లేకుండా చేసిన ఏర్పాటు 2003 డిసెంబరు 22 నాటి ప్రభుత్వ నోటిఫికేషన్‌తో మొదలైనది. దానికి సంబంధించిన పింఛను నిధి ప్రాధికార సంస్థ చట్టం 2013లో గాని రాలేదు. అట్టి వేళ మంత్రి చేత రాతపూర్వకంగా సమాధానం చెప్పించు సాధనం ప్రశ్న.

ఇకమీదట ఏ పార్టీవారు మన వద్దకు వచ్చినా, "మీరు మా పక్షమేనా?" అని అడుగవద్దు. "ఫలానా బిల్లుకు మీ పార్టీ ఏ విప్ ఇచ్చినది? మీరు డివిజన్ కోరినారా?" అని అడుగుదాం. వచ్చిన సమాధానాన్ని, రాని సమాధానాన్ని కూడా మన శాఖా కార్యాలయపు నోటీసు బోర్డుపై ఉంచుదాం. సభలో నమోదు కాని ఓటు మన బోర్డుపైనైనా నమోదు కావలెను.