ఎవరికొరకు వ్రాయుచున్నాము?
(వేలూరు, గుడియాత్తము తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత సమావేశము ముగిసిన పిమ్మట గుడియాత్తమునుండి వచ్చిన యొక యువకుడు నన్ను వాకిటికడ నిలిపి ఒక ప్రశ్న వేసెను. "అయ్యా, నేను తెలుగున వ్రాసినది మా అవ్వకు చదివి వినిపించినచో, ఇది పంతులయ్య మాటరా, మన మాట కాదు అనుచున్నది. ఆ వ్రాతనే ఆంధ్రదేశపు పత్రికకు పంపినచో అరవవాసన కొట్టుచున్నదని త్రిప్పి పంపినారు. నేనిక ఎవరివలె వ్రాయవలెను?" అని అతడడిగెను. అప్పటికి తోచిన మాటయేదో చెప్పి పంపితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అది ఆతని యొక్కని ప్రశ్న కాదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, కచేరిలో ఆంగ్లము పలుకు మనవారందరి ప్రశ్న. కావున నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిని.

ముందుగా నా తప్పు నొకదానిని మీకు మనవి చేసికొందును. ఇది సుమారు యాభైయేండ్లనాటి మాట. నేనప్పుడు కళాశాలలో చదువుచుంటిని. వేలూరి ఆసుపత్రులకు చిత్తూరు సీమనుండి రోగులు వచ్చుట నాడును కలదు, నేడును కలదు. పలమనేరు చెంత పల్లెనుండి వచ్చిన యొక వృద్ధునికి కడుపులో శస్త్రచికిత్స జరిగెను. ఆయనకు చదువు రాదు. ఇంటికి ఒక కార్డు ముక్క వ్రాసిపెట్టుమని నన్నడిగెను. తెలుగు బాగుగా వ్రాయుదునను గర్వము నాకు మెండు. "శస్త్రచికిత్స నిన్నటితో సమాప్తమైనది. వైద్యులు తాము చేయదగిన సర్వమును చేసిరి. మీరు ధైర్యము వహింపుడు" అని ముత్యములవంటి యక్షరములతో వ్రాసి తపాలాపెట్టెలో వేసితిని.

నాలుగవనాడు ఆయన భార్య, ఇద్దరు కుమారులు, ఊరివారు మరి నలుగురు ఏడ్చుచు వచ్చిరి. ఆ పల్లెలో కార్డు చదివిన బడిపిల్లవాడు "సమాప్తమైనది" అను మాటకు తనకు తెలిసిన యర్థమే చెప్పెను. వైద్యులు చేయదగినదంతయు చేసిరనియు, ధైర్యము వహింపుడనియు వ్రాసియుండగా ఇక సందేహమేమున్నది? శవమును గొనిపోవుటకు బండి మాట్లాడుకొని మరీ వచ్చిరి. వృద్ధుడు మంచముమీద కూర్చుండి గంజి త్రాగుచుండెను. వారి యేడుపు నవ్వైనది. నవ్వు మరల ఏడుపైనది. ఆ తల్లి నావంక తిరిగి, "నువ్వేనా నాయినా రాసింది? బాగుండాడు అని ఒక్క మాట రాసుంటే చాలు గదా" అన్నది. కోపముగా అనలేదు. అందువలననే ఆ మాట నాకు నేటికిని గ్రుచ్చుకొనుచున్నది.

నేను వ్రాసిన వాక్యములలో వ్యాకరణ దోషము లేదు. అసత్యమును లేదు. ఉన్న లోపమొక్కటియే. ఆ కార్డు ఎవరు విప్పుదురు, ఎవరు చదువుదురు, ఎవరు విందురు అని నేనొక్క క్షణమైనను తలపలేదు. నా పాండిత్యమును నాకే చూపుకొంటిని.

అట్లయినచో రచయితకు సొంత శైలి యక్కరలేదా? చదువరి యెట్లున్న అట్లు మారిపోవుటయేనా? కాదు. గుడియాత్తపు లుంగీ నేతను ఎరిగినవారికి దీనిని చెప్పుట సులభము. పడుగు ఒకమారు మగ్గమున కెక్కిన పిదప, అది ముగియువరకు మార్చుట కష్టము. పేక మాత్రము కండె మార్చినంతనే మారును. రచయితయొక్క చూపు, నిజాయితీ, వాక్యము నడచు తీరు, చిన్ననాట చెవిని పడిన పలుకుబడి, ఇవి పడుగు. పదముల ఎంపిక, వాక్యముల పొడవు, వివరముల మోతాదు, మర్యాద మాటలు, ఇవి పేక. పేకను కొనువాని యవసరమునుబట్టి మార్చవచ్చును. పడుగు తెగినచో బట్టయే లేదు.

ఈ మాటకు సాక్ష్యము మన సీమలోనే కలదు. 16వ శతాబ్దమున వేలూరు నేలిన చినబొమ్మనాయకుని యాదరమున ఆరణి సమీపపు అడయపాలమువాడైన అప్పయ్యదీక్షితులు వర్ధిల్లెను. శ్రీకంఠభాష్యమునకు ఆయన వ్రాసిన 'శివార్కమణిదీపిక' శాస్త్రమెరిగిన పండితులకొరకైనది. 'కువలయానంద'మో, అలంకారశాస్త్రమున అప్పుడే అడుగిడు బాలురకొరకని ఆయనయే ఆరంభమున చెప్పుకొన్నాడు. అందు లక్షణము చిన్నది, ఉదాహరణము వెంటనే వచ్చును. మేధ యొక్కటియే, చదువరులు వేరు. బాలురకొరకు వ్రాయుటవలన ఆయన గౌరవము తగ్గలేదు. శతాబ్దములుగా సంస్కృతము నేర్చువారు అలంకారములకై మొదట పట్టునది ఆ గ్రంథమునే.

మరియొక సాక్ష్యము మన యూరి చెరసాలయే. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ఐర్లండునకు పోయి బారిస్టరైనవారు. స్వాతంత్ర్యోద్యమమున శిక్షపడి ఈ రాయవేలూరి జైలులో ఉన్న కాలమున 'మాలపల్లి' నవలను వ్రాసిరి. అది 1922లో వెలువడెను. బారిస్టరుగారికి గ్రాంథికము రాక కాదు, ఆంగ్లము రాక అంతకంటెను కాదు. అయినను హరిజనవాడలోని కూలీల బ్రదుకు వ్రాయుటకు గుంటూరు సీమ వాడుక మాటను పట్టుకొనిరి. రామదాసు తత్త్వము పలుకునపుడు ఒక తీరు, పొలములో పని మాటలు నడచునపుడు వేరొక తీరు. అయినను పుస్తకమంతటను వినబడు మనసు ఒక్కటియే. ఆ నవలను మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. ఎవరికిని అర్థముకాని భాషలో వ్రాసియుండినచో ప్రభుత్వమునకు అంత భయమెందుకు కలుగునని నాకు తోచును. ఆ జైలు గోడలు చూచినప్పుడెల్ల ఈ సంగతిని మన పిల్లలకు చెప్పుడు.

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే వాడుకభాషా వాదము మనకు జ్ఞప్తికి వచ్చును. ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అయితే ఆయన మొదట చేసిన పని మరియొకటి కలదు. నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను తాను నేర్చి, ఆ పిల్లలకొరకు ఆ భాషలోనే వాచకములు కూర్చెను. చదువరి తనకడకు రావలెనని కూర్చుండక, తాను చదువరికడకు నడచిపోయెను. భాషల సరిహద్దున నివసించిన వానికి ఈ జ్ఞానము కలుగుట వింత కాదు. మనమును సరిహద్దువారమే.

ఇక ఆ యువకుని ప్రశ్నకు వత్తము. "ఎవరివలె వ్రాయవలెను?" నాయనా, మొదట నీవలెనే వ్రాయుము. నీ యింటి మాట నీకు సిగ్గుచేటు కాదు. కి. రాజనారాయణన్ గారు (1923-2021) కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున తెలుగు పలుకు కుటుంబమున పుట్టి, తమిళమున కరిసల్ సీమ పల్లెపలుకుతో వ్రాసిరి. ఆ సీమ పదములకు నిఘంటువును కూర్చిరి. తెలుగునాటినుండి దక్షిణమునకు వలసవచ్చిన మనవంటివారి కథను చెప్పిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. పల్లెపలుకు ఆయనకు అడ్డు కాలేదు. ఆయనను ఇతరులనుండి వేరుపరచి చూపినది ఆ పలుకే. చిత్తూరు సీమ పలుకుతో నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు వ్రాసిన కథలను కోస్తావారును తెలంగాణమువారును ఇష్టముతో చదివిరి. మన గుడియాత్తపు అవ్వల తెలుగు ఆ చిత్తూరు తెలుగునకు తోబుట్టువే కదా.

సొంత శైలి యెట్లు కుదురును? నాకు తెలిసిన సాధన నాలుగు విధములు. మొదటిది, వ్రాసినదానిని బిగ్గరగా చదువుట. నోరు తడబడినచోట వాక్యమును విరువవలెను. రెండవది, ఇంటి పెద్దల మాటలను ఒక పుస్తకమున వ్రాసికొనుట. మగ్గము, పొలము, వంట, పండుగలను గూర్చిన పదములు వారితోనే పోవుచున్నవి. గంగమ్మ జాతర దినమున మీ అవ్వ పలుకు మాటలు ఏ నిఘంటువులోను ఉండకపోవచ్చును. మూడవది, మంచి వచనమును చేతితో ఎత్తి వ్రాయుట. కన్ను దాటిపోవు సొగసును చేయి పట్టుకొనును. నాలుగవది, వ్రాసినదానిని వారము దినములు ప్రక్కన పెట్టి, పిమ్మట పరుని వ్రాతవలె చూచి, మన గొప్పను చూపుటకే వచ్చిన పదములను కొట్టివేయుట.

తరువాత చదువరిని ఎరుగవలెను. మన వారపత్రికనే చూడుడు. దీనిని చదువు పెద్దలు పాత వాచకములతో పెరిగినవారు. "తమరు విచ్చేయ ప్రార్థన" అని యున్నగాని వారికి ఆహ్వానమైనట్లు తోపదు. మన పిల్లల స్థితి వేరు. 2006 నాటి చట్టముననుసరించి పాఠశాలలలో తమిళము నిర్బంధ ప్రథమభాష అయినది. తమిళము నేర్చుట మనకు మేలే, అది మనమున్న నేల భాష. కాని బడిలో తెలుగు అక్షరములు దిద్దు అవకాశము సన్నగిల్లుటవలన, తెలుగు చక్కగా మాటలాడు బాలుడే తెలుగు పుటను చూచి తడుముకొనుచున్నాడు. వానికి "విచ్చేయ ప్రార్థన" కొండయెక్కుటవంటిది.

మన ఆదివారపు తరగతినే ఉదాహరణముగా తీసికొందము. పెద్దలకు ఇట్లు వ్రాయుదును: "రాబోవు ఆదివారము ఉదయము 10 గంటలకు తెలుగు బోధన ప్రారంభమగును. తమ మనుమలను, మనుమరాండ్రను పంపి ఆశీర్వదింప ప్రార్థన." పిల్లలకు ఇట్లు వ్రాయుదును: "ఆదివారం పొద్దున 10 గంటలకు రండి. మీ పేరు తెలుగులో రాయడం నేర్చుకొని ఇంటికి పోవచ్చు." విద్యాశాఖాధికారికి వ్రాయునపుడు అలంకారమేల? పిల్లలెందరు, ఏ తరగతులవారు, మనము కోరునదేమి, ఏ యుత్తరువు ననుసరించి కోరుచున్నాము అను నాలుగు సంగతులు తమిళమునగాని ఆంగ్లమునగాని వరుసగా వ్రాసిన చాలును. ఆ యధికారి బల్లమీద మరి నూరు కాగితములుండును. ఆంధ్రదేశపు పత్రికకు వ్రాయునపుడు మన పలుకును విడువనక్కరలేదు. అక్కడివారికి తెలియని పదము వచ్చినపుడు, దాని యర్థము ప్రక్క వాక్యములోనే తేటపడునట్లు చేసినచో చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మాట మార్చవచ్చును గాని సంగతి మార్చరాదు. అధికారికి వ్రాసిన యర్జీలో నూరుగురు పిల్లలనియు, చందాదారులకు వ్రాసిన లేఖలో ఏబదిమందియనియు ఉన్నచో అది శైలీభేదము కాదు, అబద్ధము. ఆ రెండు కాగితములును ఏదో యొకనాడు ఒక్క బల్లపైకి చేరును. సంఖ్యాబలము తక్కువైన మనవంటివారికి మాట నిలకడయే బలము.

మీలో కొందరు లోలోపల నవ్వుకొనుచుండవచ్చును. ఇంత చెప్పి, ఈ పెద్దమనిషి తాను మాత్రము గ్రాంథికముననే ప్రసంగించుచున్నాడేమని. నిజమే. ఈ పుటను మొదట చదువువారు నా యీడువారు. ఈ భాష వారికి చుట్టమువంటిది, నాకును అలవాటైన యిల్లువంటిది. కాని వచ్చు ఆదివారము పిల్లల తరగతిలో ఈ విషయమునే చెప్పునపుడు "సమాప్తము" అను మాట నా నోట రాదని మాట యిచ్చుచున్నాను.

తుదిగా ఒక కోరిక. ఈ వారము మీలో ప్రతివారును ఒక్క పుట వ్రాయుడు. లోకమునకంతటికిని వ్రాయవలదు. ఒక్క మనిషిని తలచుకొని, ఆ మనిషి పేరు పైన పెట్టి వ్రాయుడు. అవ్వకు వ్రాసినచో అవ్వకు చదివి వినిపింపుడు. ఆమె "ఊ" కొట్టినచోట మీ శైలి కుదిరినది, "ఏమిటీ?" అన్నచోట తిరిగి వ్రాయవలెను. మంచివానిని ఈ పత్రికకు పంపుడు.

వ్రాయబూని కలము చేత పట్టినప్పుడెల్ల నాకు పలమనేరు సీమ తల్లి కన్నులయెదుట నిలుచును. "బాగుండాడు అని ఒక్క మాట రాసుంటే చాలు గదా." ఇన్నియేండ్లుగా నేను నేర్చుకొనుచున్నది ఆ యొక్క మాట వ్రాయుటనే. మీరు నాకంటె త్వరగా నేర్తురుగాక.

సెలవు.