మామ్మ కళ్లకు తగిన బైబిలు

మన పక్కనే, విశాఖపట్నంలో మిషనరీలు ఆనందరాయరు అనే ఆయన సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇప్పుడు పెద్దక్షరాల బైబిళ్లు కూడా దొరుకుతున్నాయి.

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కొనబోతున్నారా? చదివే మామ్మనే దుకాణానికి తీసుకెళ్లండి. రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే చదివించండి. అట్టమీద ‘పెద్దక్షరాలు’ అని ఉంటే చాలదు. తెలుగులో కళ్లను కష్టపెట్టేవి ఒత్తులే. ‘క్రీస్తు’ అన్న మాట చూపించండి. రావత్తు, తావత్తు విడిగా కనబడుతున్నాయా? వరుసల మధ్య ఎడం ఉందా? వెనక పేజీ అచ్చు ఇవతలికి కనిపిస్తే ఆ కాగితం వద్దు.

బరువూ చూడండి. ఒళ్లో ఆనకపోతే, క్రొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉన్న పుస్తకం మేలు.

మళ్లీ చెబుతున్నాను, చదివే మనిషే చూసి ఎంచుకోవాలి. పెద్దక్షరాలూ మసకగానే ఉన్నాయంటే, పుస్తకం తర్వాత. ముందు కంటి డాక్టరుకు చూపించండి. శుక్లమైతే ఆపరేషనుతో నయమవుతుంది.