కారులో తైలపీడనము



మూడేండ్ల క్రిందట మేము మా అల్లుని కారులో శ్రీశైలమునకు బయలుదేరితిమి. అది క్లచ్చి పెడలు లేని కారు. గేరులు తమంతట తామే మారునట్టిది. దోర్నాల దాటి కొండ నెక్కుచుండగా ఇంజను బిగ్గరగా నరచుచున్నదే గాని చక్రములు ముందునకు సాగకుండెను. వెనుక లోయ, బండిలో నా మనుమరాలు. అల్లుడు బ్రేకు త్రొక్కి పట్టగా, నేను దిగి చక్రముల వెనుక రాళ్లుంచితిని. లోపమేమనగా గేరుపెట్టెలో తైలము తగ్గినది. ఇంటివద్ద బండి క్రింద ఎఱ్ఱని బొట్లు పడుచుండుట నెల దినములుగా చూచుచునే యుపేక్షించితిమి.

అంత బలమైన ఇంజను శేరు తైలము తగ్గినంతనే యేల నిష్ప్రయోజనమయ్యెను? వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన నాకు ఈ సందేహము తీరువఱకు నిద్ర పట్టలేదు.

మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ నిరూపించెను. చదరపు అంగుళమునకు 60 పౌనుల పీడనము గల తైలము 20 చదరపు అంగుళముల పిస్టను వెనుక చేరినదనుకొందము. పిస్టనుపై పడు బలము 1200 పౌనులు! గాలి నొక్కినకొలది కుదించుకొనును. తైలము దాదాపుగా కుదించుకొనదు. కిటుకంతయు నిందే యున్నది.

గేరుపెట్టెలో నడుమ సూర్యచక్రము, దాని చుట్టు గ్రహచక్రములు, వెలుపల పండ్ల వలయము ఉండును. పేళ్లు మన జ్యోతిషమును తలపించును గాని యిచ్చట శని పీడ లేదు. వీనిలో దేనిని నిలిపి దేనిని త్రిప్పుదుమో దానినిబట్టి వేగము మారును. నిలుపునవి పట్టీలు, కలుపునవి క్లచ్చి పలకలు; వీనిని బిగించునది పిస్టను. ఇంజనుతో తిరుగు పంపు ఆ పిస్టనుకు తైలమును త్రోయును.

ఎప్పుడు గేరు మార్చవలెనో యెవరు నిర్ణయింతురు? జనరల్ మోటార్సువారు 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో నమర్చిన హైడ్రామాటిక్కును చూడుడు. బండి వేగము హెచ్చినకొలది గవర్నరులోని గుండ్లు వెలుపలికి చెదరి, ఒక తైలపీడనమును హెచ్చించును. యాక్సిలరేటరు త్రొక్కినకొలది వేఱొక పీడనము, స్ప్రింగు సాయముతో, దాని కెదురు నిలుచును. రెంటి నడుమ నొక కవాటము. వేగపు పీడనము గెలిచినచో కవాటము జరిగి, పై గేరుకు తైలము పాఱును. కొండపై యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కుదుము గనుక పై గేరు ఆలస్యముగా పడును. బుద్ధిలేని తైలము చేయు ఈ తగవు తీర్పు నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. నేటి కార్లలో తీర్పు కంప్యూటరుది. పలకలను బిగించు పని మాత్రము నేటికిని పెక్కింట తైలముదే.

తైలము తగ్గినపుడు, విశేషించి బండి యెత్తున వాలినపుడు, పంపు తైలముతో గాలిని పీల్చును. గాలి కుదించుకొనును, పీడనము పడిపోవును, పలకలు బిగియక జాఱి, ఒరసికొని కాలును.

ఆనాడు దారినిబోవువారు త్రాడు గట్టి యీడ్చెదమనిరి. ఇంజను ఆగినచో మా కారులోని పంపు తిరుగదు. చక్రములు తిరిగినచో తైలమందని లోభాగములు చెడును. కావున బండిని లారీపై నెక్కించి మార్కాపురము చేర్చితిమి. మెకానిక్కు పెట్టె విప్పి చూపిన పలకలు బొగ్గువలె నుండెను.