మూడవ ఆకాశమూ, శరీరములో ముల్లూ

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 2 కొరింథీయులకు 12:1–10

 పొలం నుండి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ వింటున్న మిమ్మును, వంట చేసుకుంటూ వింటున్న మిమ్మును, మంచం మీద నుండి లేవలేక వింటున్న మిమ్మును ప్రభువు దీవించును గాక.

ప్రియులారా, మా శావల్యాపురం వైపు వేసవి రాత్రులలో చాలామంది డాబాల మీదే పడుకుంటారు. కరెంటు పోయిందంటే ఆకాశమంతా చుక్కలే. గుంటూరు నుండి గుంతకల్లు వెళ్ళే రైలు కూత వేసి వెళ్ళిపోయాక ఆ నిశ్శబ్దంలో పైకి చూస్తూ పడుకుంటాము. మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన చుక్కల గుంపునే యోబు గ్రంథము 38వ అధ్యాయంలో కృత్తిక అని చదువుతాము. అక్కడికి ఎగిరిపోతే ఎంత బాగుండునో అని చిన్నప్పుడు అనుకోనివారు మీలో ఎవరు?

ఈ సాయంకాలం నేను చెప్పబోయేది, నిజంగానే అలా వెళ్ళివచ్చానని చెప్పిన ఒక అబ్బాయి సంగతి. ఆ అబ్బాయి, ఆ కుటుంబం అనుమతి ఇచ్చారు గనుకనే చెబుతున్నాను. పేర్లు చెప్పను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మీకు వాక్యం చెప్పలేను.

కొన్నేళ్ళ క్రితం మా సంఘములోని ఒక అబ్బాయి వినుకొండ నుండి బండి మీద వస్తూ పడిపోయాడు. తలకు దెబ్బ. నరసరావుపేటలో ఆసుపత్రిలో చేర్చారు. రెండు రోజులు తెలివి లేదు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఆ రెండు రోజులూ వాడి అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. తెలివి వచ్చాక వాడు మెల్లగా ఈ మాట చెప్పాడు: "నేను పైనుంచి నన్ను చూసుకున్నాను. తర్వాత పైకి వెళ్ళిపోయాను. భూమి కింద గుండ్రంగా కనబడింది. చుట్టూ చీకటి, చుక్కలు. భయం వెయ్యలేదు. తర్వాత ఎవరో కాళ్ళు పట్టుకుని లాగినట్టయింది." అంతే. వాడు చెప్పింది ఆ నాలుగు మాటలే.

వాడి తల్లి నన్ను అడిగింది, "అయ్యగారూ, ఇది దేవుడు చూపించినదా, సాతాను చూపించినదా, దెబ్బ వల్ల వచ్చినదా?" ఆ తల్లి అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. నేను జవాబు వెదకలేదు. ఆ ఆదివారమే వాడి చేతికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నాను.

ఏమైనదో తర్వాత చెబుతాను. ముందు ఆ తల్లి ప్రశ్న చూద్దాము.

ఇటువంటి అనుభవము మా ఊళ్ళో మొదలైనది కాదు. స్విట్జర్లాండు దేశంలో కార్ల్ యుంగ్ అనే మనోవైద్యుడు ఉండేవాడు. 1944లో కాలు విరిగి, ఆ వెంటనే గుండెపోటు వచ్చి చావుబ్రతుకుల్లో పడ్డాడు. అప్పుడు తాను అంతరిక్షంలో ఎంతో ఎత్తున ఉన్నట్టు, నీలి వెలుగులో భూగోళం కింద కనబడినట్టు తన జ్ఞాపకాలలో చెప్పాడు. ఆయన పాదాల కింద ఏముందో తెలుసా? సింహళం! ముందు మన భారతదేశం! ఆ శూన్యంలో ఒక పెద్ద నల్లని రాయి, దానిలో తొలిచిన గుడి. బంగాళాఖాతం తీరాన అటువంటి రాళ్ళను తాను చూశానని కూడా ఆయనే చెప్పాడు. నిజమే, 1937–38లో ఆయన మన దేశానికి వచ్చి వెళ్ళాడు.

ఆ గుడిలోకి వెళితే తన ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుందనుకున్నాడు. ఇంతలో తన వైద్యుడు భూమి వైపునుండి పైకి వచ్చి, నీవు తిరిగి రావాలి అన్నట్టు చూశాడు. బ్రతికాడు గాని ఆయనకు సంతోషం లేదు. తిరిగి పెట్టెలో పెట్టి బంధించినట్టు అనిపించింది. మళ్ళీ బ్రతకాలన్న మనసు రావడానికి మూడు వారాలు పట్టింది. తనను బ్రతికించిన వైద్యుని మీదే కోపం వచ్చింది. ఆ ఏప్రిల్ 4న ఈయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అదే రోజున ఆ వైద్యుడు జబ్బుపడి మంచం ఎక్కి, కొద్దికాలానికే చనిపోయాడు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఇంకా వెనుకకు వెళితే స్వీడన్ దేశంలో స్వీడెన్‌బోర్గ్ అనే పండితుడు ఉండేవాడు. లూథరన్ బిషప్పుగారి కుమారుడు, గనుల శాస్త్రం తెలిసినవాడు. ఆయన 1758లో అచ్చువేసిన పుస్తకంలో చంద్రుని మీది వారితో, బుధ, శుక్ర, కుజ, గురు, శని గ్రహాల వారితో ఆత్మలో మాట్లాడానని రాశాడు. చంద్రుని మీది వారు పొట్టలోనుండి ఉరిమినట్టు మాట్లాడతారట! కాని యురేనస్ గ్రహం సంగతి ఆ పుస్తకంలో లేదు. ఎందుకు లేదు? అప్పటికి దాన్ని ఎవరూ కనుగొనలేదు. 1781లో దుర్భిణితో చూసేవరకు అది గ్రహమని మనుషులకు తెలియదు. అన్ని గ్రహాల వారితో మాట్లాడినవానికి ఆ గ్రహం వారు మాత్రం తగలలేదు. 2023 జూలై 14న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. దానికి కనబడినవి మట్టీ, రాళ్ళూ, గుంటలే.

స్వీడెన్‌బోర్గ్ అబద్ధికుడని నేను అనను. ఆయన తాను చూశాననే నమ్మాడు. కాని మన మనసు ఎంత దూరం వెళ్ళినా తనకు తెలిసిన సామాను మూట కట్టుకునే వెళుతుంది. యుంగ్ గారికి బంగాళాఖాతం రాయి కనబడింది. స్వీడెన్‌బోర్గ్‌కు తన కాలపు పంచాంగంలో ఉన్న గ్రహాలే కనబడ్డాయి.

మన తెలుగునాట కూడా ఈ మాట కొత్తది కాదు. 1990లో కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యాన ఉద్యమం ద్వారా "సూక్ష్మశరీరయానం" అనే మాట ఎంతోమందికి పరిచయమైంది. మీ పొరుగువారిలో ఆ ధ్యానం చేసేవారు ఉండవచ్చు. వారిని ఎగతాళి చేయడానికి నేను ఈ మైకు ముందు కూర్చోలేదు. మన ఇంటిని మనం సరిచూసుకోవడానికే కూర్చున్నాను.

వైద్యులు చెప్పేది కూడా వినండి. 2002లో జెనీవాలో మూర్ఛ వ్యాధి ఉన్న ఒక స్త్రీకి పరీక్ష చేస్తూ, మెదడు కుడివైపున ఒకచోట స్వల్పంగా విద్యుత్తు పంపారు. పంపినప్పుడు ఆమె తాను పైకప్పు దగ్గర తేలుతున్నట్టు, మంచం మీది తన కాళ్ళను పైనుండి చూస్తున్నట్టు చెప్పింది. మన శరీరం ఇక్కడ ఉంది అని మనకు తెలియజేసే పని మెదడు చేస్తుంది. అక్కడ తేడా వస్తే మనిషి తన్ను తాను బయటినుండి చూసుకున్నట్టు అనుభవిస్తాడు. తలకు దెబ్బ తగిలినవానికి ఇది కలిగితే ఆశ్చర్యపడనక్కరలేదు, సాతాను పట్టాడని భయపడనక్కరలేదు. మెదడును చేసినవాడూ దేవుడే.

మరి వాక్యము ఏమి చెబుతుంది? అపొస్తలుడైన పౌలు మూడవ ఆకాశము వరకు కొనిపోబడిన ఒక మనుష్యుని సంగతి చెబుతాడు. ఆ మనుష్యుడు తానే. ఇందులో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, పౌలు తనకు తెలియనిది తెలియదన్నాడు. శరీరముతో వెళ్ళాడా, శరీరము లేకుండా వెళ్ళాడా అన్నదానికి ఆయన జవాబు, నాకు తెలియదు, దేవునికి తెలుసు అని. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు. ఇంత గొప్ప వేదపండితుడు "తెలియదు" అనడానికి సిగ్గుపడలేదు. ఆ తల్లి అడిగినప్పుడు నేను ఆ ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది!

రెండవది, పౌలు పద్నాలుగు సంవత్సరములు దాన్ని దాచుకున్నాడు. చెప్పవలసి వచ్చినప్పుడు కూడా వేరెవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. అక్కడ ఏమి విన్నాడో బయటపెట్టలేదు. మన సాధు సుందర్ సింగ్ గారు 1926లో తన దర్శనాల పుస్తకం వేసినప్పుడు కూడా, నా ఇష్టమైతే నేను బ్రతికుండగా దీన్ని వేసేవాడిని కాను, స్నేహితుల మాట మీద వేశాను అన్న భావంతో ముందుమాట రాశారు. నిజంగా ఎత్తుకు వెళ్ళినవాడు ఆ ఎత్తును అమ్ముకోడు. కొలస్సయులకు రాసిన పత్రిక 2:18లో, తాను చూసినవాటిని పట్టుకుని ఉబ్బిపోయేవాని విషయంలో జాగ్రత్త పడమని పౌలు హెచ్చరించాడు.

మూడవది, ఆ ప్రయాణం ముల్లు దగ్గర ముగిసింది. పరదైసు చూసివచ్చిన మనిషికి శరీరములో ముల్లు! తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసివేయబడలేదు. నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. పరదైసులో విన్న మాటలు ఆయన మనకు చెప్పలేదు. ముల్లు దగ్గర విన్న మాట మాత్రం చెప్పాడు. ఈ వేళ మీకూ నాకూ పనికి వచ్చేది ఆ మాటే.

ఇప్పుడు మా అబ్బాయి దగ్గరకు రండి. నేను మైకు ఇచ్చిన ఆదివారం వాడు చెప్పినది ఐదు నిమిషాలు. పక్క ఊరివారు పిలిచారు. అక్కడ పావుగంట అయింది. తర్వాత ఒక కూటములో వాడి ఫొటోతో గోడపత్రికలు వేశారు. అక్కడ గంట చెప్పాడు. చుక్కలు దాటాడు, గ్రహాలు దాటాడు, బంగారు వీధి దాకా వెళ్ళాడు. జనం అడుగుతున్నారు, వాడు చెబుతున్నాడు. నేను వేదిక మీద కూర్చుని "స్తోత్రం" అంటున్నాను.

ఆ రాత్రి కూటము అయ్యాక ఒక స్త్రీ వాడి దగ్గరకు వచ్చింది. నాలుగేళ్ళ పాపను జ్వరంతో పోగొట్టుకున్న తల్లి. "నాయనా, మా పాప కనబడిందా?" అని అడిగింది. వాడు "కనబడిందమ్మా, నవ్వుతూ ఉంది" అన్నాడు.

మూడు రోజుల తర్వాత రాత్రి పదకొండు గంటలకు వాడు మా ఇంటి తలుపు కొట్టాడు. "అయ్యగారూ, నాకు నిద్ర పట్టడం లేదు. నేను చూసింది చీకటి, చుక్కలు. అంతే. ఆ పాపను నేను చూడలేదు. ఆమె మొహం చూసి లేదని చెప్పలేకపోయాను" అని ఏడ్చాడు. వాడితో పాటు నేనూ ఏడ్చాను. వాడికి మైకు ఇచ్చినది నేను. వాడి అబద్ధానికి మొదటి వాటాదారుణ్ణి నేనే.

మర్నాడు ఇద్దరమూ ఆమె ఇంటికి వెళ్ళాము. నిజం చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎందుకు చెప్పారు? అలా ఉంచేస్తే పోయేదిగా" అని తలుపు వేసుకుంది. ఆమె మాట తప్పు అని నేను అనలేను. చాలా వారాల తర్వాత ఒక ఆదివారం మందిరంలో వెనుక వచ్చి కూర్చుంది. ఆరాధన అయ్యాక నన్ను అడిగింది, "మీరైనా చెప్పండయ్యగారూ, మా పాప ఎక్కడుంది?"

"అమ్మా, నేను చూడలేదు. అబ్బాయి చూడలేదు. కాని దావీదు తన బిడ్డ చనిపోయినప్పుడు, నేనే వాని యొద్దకు వెళతాను గాని వాడు నా యొద్దకు తిరిగి రాడు అన్న నిరీక్షణతో లేచి స్నానం చేశాడు. చిన్నపిల్లలను ఎత్తుకుని దీవించిన ప్రభువు మరణాన్ని గెలిచి లేచాడు. నేను చూసినదాని మీద నిలబడి చెప్పడం లేదు. ఆయన మాట మీద నిలబడి చెబుతున్నాను" అన్నాను. ఆమె తల ఊపింది. ఇప్పుడు క్రమంగా వస్తోంది. ఆమె దుఃఖం తీరిపోయిందని చెప్పను. దుఃఖంతోనే వస్తోంది.

ప్రియ శ్రోతలారా, ఆ అబ్బాయి సాక్ష్యాలన్నిటిలో ఒక్క సంగతి జారిపోయింది. మొదటిరోజు వాడు చెప్పాడు, ఎవరో కాళ్ళు పట్టుకుని లాగినట్టయింది అని. ఆ చేతులు తల్లివి. ఆసుపత్రి ఖర్చుకు గేదెను అమ్మి, అన్నం తినకుండా రెండు రోజులు వాడి పాదాలు వదలని తల్లివి. ఏ వేదిక మీదా ఆమె పేరు రాలేదు. యుంగ్ గారి వైద్యుని గుర్తు చేసుకోండి. తనను వెనుకకు పిలిచిన మనిషి మీద ఆయనకు కోపం వచ్చింది. కాని పిలిచినవాడు ప్రాణం మీద ప్రేమతోనే పిలిచాడు.

మనము శరీరాన్ని చెరసాల అని తలంచి పారిపోవాలని చూస్తాము. మన దేవుడు ఎదురు దారిన వచ్చాడు. ఆకాశమహాకాశములు పట్టజాలని వాడు బేత్లెహేములో శరీరధారియై పుట్టాడు. తిరిగి లేచిన తర్వాత కూడా గాయాలున్న చేతులు చూపించాడు, కాల్చిన చేప తిన్నాడు. అందుకే మన విశ్వాస ప్రమాణంలో శరీర పునరుత్థానమును నమ్ముచున్నామని ఒప్పుకుంటాము. చుక్కల మధ్యకు వెళ్ళినా మీరు ఆయన చేసిన సృష్టిలోనే ఉంటారు. ఎత్తయినను లోతయినను ఆయన ప్రేమనుండి మనలను ఎడబాపలేదని రోమా పత్రిక 8వ అధ్యాయము చెబుతుంది. ఆ ప్రేమకోసం ఎక్కడికీ ఎగరనక్కరలేదు.

మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం కలిగి ఉంటే సిగ్గుపడవద్దు, భయపడవద్దు. తలకు దెబ్బ గాని, మూర్ఛ గాని ఉంటే ముందు వైద్యునికి చెప్పండి. మీ కాపరికో, నమ్మకమైన పెద్దకో చెప్పండి. చూసినంతే చెప్పండి, ఒక్క చుక్క కూడా కలపవద్దు. కాపరులైన నా సహోదరులారా, మైకు ఇచ్చే ముందు పౌలు పద్నాలుగు సంవత్సరములను గుర్తు చేసుకోండి. మిగిలినవారందరూ ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో మంచం పట్టినవారి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, చుక్కలకు పేర్లు పెట్టినవాడవు, మా ఊరి పేరూ ఎరిగినవాడవు. మేము చూడనిదాన్ని చూశామని చెప్పిన మా నోళ్ళను క్షమించుము. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను నీ మాటతో ఆదరించుము. మా ముల్లు తీసివేయబడకపోయినా నీ కృప చాలునని నమ్మే మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.