నెలసరి: ఇంట్లో, బడిలో, కార్యాలయంలో

(మే 28, ఋతుస్రావ పరిశుభ్రతా దినం సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభ ప్రారంభానికి ముందు ఒక పెద్దమనిషి నా వద్దకు వచ్చి, "అమ్మా, మగవాళ్లు కూడా ఉన్న సభలో ఈ విషయం అవసరమా?" అని మర్యాదగానే అడిగారు. ఆయన సంకోచాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే మదీనాలోని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఎందుకు ప్రశంసించారో ఒకసారి గుర్తుచేసుకుందాం. ధర్మాన్ని తెలుసుకునే విషయంలో సిగ్గు వారికి అడ్డు కాలేదని ఆమె మెచ్చుకున్నారు. నెలసరి ముగిసిన తరువాత గుసుల్ ఎలా చేయాలో ఆనాటి స్త్రీలు దైవప్రవక్త (స) వారినే స్వయంగా అడిగి తెలుసుకున్నారు. అటువంటి సమాజానికి వారసులమైన మనం ఈ మాట ఎత్తడానికి ఎందుకు జంకాలి?

నా సంగతితోనే మొదలుపెడతాను. నేను పెద్దమనిషి అయిన నాటికి నాకు పదమూడేళ్లు. రక్తం చూసి ఏదో పెద్ద జబ్బు చేసిందని భయపడి, రెండు గంటలపాటు స్నానాలగదిలో కూర్చొని ఏడ్చాను. అమ్మీ ఒక పాత నూలు చీర చింపి ఇచ్చి, "ఎవరికీ కనపడనివ్వకు" అన్నది. ఆమె నాకు చెప్పిన పాఠం అంతే. ఆమెకు వాళ్ల అమ్మ చెప్పింది కూడా అంతే కాబోలు. ఆ గుడ్డలను ఉతికి, పెరట్లో చీకటి మూలన, మరో బట్ట కింద దాచి ఆరవేసేదాన్ని. వానాకాలంలో అవి ఆరేవి కావు. తడి గుడ్డలే వాడి, తొడలు ఒరుసుకుపోయి, బడికి నడవలేక ఇంట్లో ఉండిపోయిన రోజులు ఎన్నో. పాత గుడ్డ వాడటం దోషం కాదు. దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలని ఎవరూ చెప్పకపోవడమే దోషం.

ఇక రంజాన్ మాసం. ఈ సభలోని ప్రతి స్త్రీకీ తెలిసినదీ, చాలామంది పురుషులకు తెలియనిదీ ఒక మాట చెబుతాను. నెలసరి రోజుల్లో స్త్రీకి ఉపవాసం లేదు. ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకోవాలి. నమాజులకైతే ఆ బాధ్యత కూడా లేదు. ఇది అల్లాహ్ ఇచ్చిన సడలింపు. మరి మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? అబ్బా, అన్నలు గమనిస్తారేమోనని ఆడపిల్ల సహరీకి లేచి అందరితో కలిసి తింటుంది. పగలంతా ఉపవాసం ఉన్నట్లే తిరుగుతుంది. దాహం వేస్తే వంటింటి తలుపు చాటున గుటక వేస్తుంది. నేను తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడు ఆ చాటు కూడా దొరకక, పచ్చి మంచినీళ్లయినా తాగకుండా బడికి వెళ్లి, ప్రార్థన వరుసలోనే పడిపోయాను. నన్ను ఇంటికి తీసుకువచ్చిన టీచరమ్మతో మా అబ్బా, "రోజా ఉన్నది కదా, నీరసం" అని గర్వంగా చెప్పారు. నేను తలవంచుకొని నిలబడ్డాను. దైవం ఇచ్చిన సౌలభ్యాన్ని దొంగతనంగా వాడుకోవలసిన స్థితిని మనమే కల్పించాము.

ధర్మం ఏది, ఆచారం ఏది అన్నది వేరుచేసి చూడాలి. దివ్యఖుర్ఆన్ 'అల్ బఖరా' సూరాలో ఈ విషయమై వచ్చిన ఆజ్ఞను దైవప్రవక్త (స) వివరిస్తూ, దాంపత్య సంబంధం తప్ప మిగిలినదంతా మామూలుగానే ఉండవచ్చునని చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆ రోజుల్లో నీళ్లు తాగిన పాత్రలో, ఆమె పెదవులు ఆనించిన చోటనే తమ పెదవులు ఆనించి తాగారు. హజ్ ప్రయాణంలో నెలసరి వచ్చి ఆమె కన్నీరు పెట్టుకున్నప్పుడు, ఇది ఆదం కుమార్తెలందరికీ అల్లాహ్ నిర్ణయించినదని ఓదార్చి, తవాఫ్ తప్ప తక్కినవన్నీ చేయమన్నారు. మరి మన ఇళ్లలోకి ఊరగాయ జాడీ ముట్టుకోరాదు, మూలన కూర్చోవాలి అనే పట్టింపులు ఎక్కడినుండి వచ్చినట్లు? చుట్టూ ఉన్న ఆచారాలను చూసి తెచ్చుకున్నవే.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరినప్పుడు అక్కడ మేము ముగ్గురమే స్త్రీలము. ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. దాని తాళం చెవి అటెండరు దగ్గర ఉండేది. నెలసరి రోజుల్లో అతన్ని పదేపదే చెవి అడగలేక ఉదయం నుండి నీళ్లు తాగడం మానేసేవాళ్లం. మూత్రంలో మంట వచ్చి సెలవు పెట్టి, చీటీలో "జ్వరం" అని రాసేదాన్ని. చివరకు ముగ్గురం కలిసి అర్జీ పెట్టాము. దాన్ని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి కూడా పెట్టాము. రెండేళ్లకు గడియ ఉన్న వేరే గది వచ్చింది. ఫైలు కదలాలంటే కాగితం ఉండాలని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఆ పాఠాన్నే ఇక్కడి కార్యకర్తలకు అప్పగిస్తున్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంటున్నది. మన పేటలోని ఉర్దూ పాఠశాలలో అవి ఉన్నవా? నీళ్లు వస్తున్నవా? లోపల గడియ ఉన్నదా? వాడిన ప్యాడు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉన్నదా? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. మదర్సాల విషయం వేరు. 2012 సవరణతో అవి విద్యాహక్కు చట్టం పరిధిలో లేవు. అంటే అక్కడ చదివే ఆడపిల్లల బాధ్యత పూర్తిగా మన కమిటీలదే. మినార్‌కు రంగు వేయించడానికి చందా పోగుచేయగలిగిన మనకు ఒక గడియ, ఒక కుళాయి భారమా?

ఖర్చు మాటకు వస్తే, 2018లో శానిటరీ న్యాప్‌కిన్ల మీద జీఎస్టీ ఎత్తివేశారు. జన ఔషధి కేంద్రాలలో 2019 నుండి ఒక్కొక్క ప్యాడు రూపాయికే అమ్ముతున్నారు. ప్యాడైనా గుడ్డైనా నాలుగు నుండి ఆరు గంటలకు ఒకసారి మార్చుకోవాలి. ఏడు రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, గడ్డలు పడుతున్నా, లేవలేనంత నొప్పి ఉన్నా "ఆడపుట్టుక అంతే" అని ఊరుకోకుండా వైద్యురాలికి చూపించండి. దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మన ఇంట్లో నీరసంగా కనిపించే కోడలు, కూతురు ఆ లెక్కలోని వారు కావచ్చు.

తల్లులారా, బిడ్డకు పదేళ్లు రాగానే మీరే చెప్పండి. భయంతో ఏడ్చేవరకు ఆగకండి. తండ్రులారా, మీరు ఏమీ అడగనక్కరలేదు. రంజాన్‌లో ఇంట్లో ఎవరు తింటున్నా, ఎందుకని ప్రశ్నించకుండా ఉంటే చాలు.

గత రంజాన్‌లో నా మనుమరాలు మధ్యాహ్నం హాలులోనే కూర్చొని టీ తాగుతున్నది. జుహర్ నమాజు ముగించుకొని వచ్చిన మావారు ఒక క్షణం నిలబడి చూశారు. తరువాత అల్మరాలోంచి బిస్కెట్ల డబ్బా తీసి ఆ పిల్ల ముందు పెట్టి, తస్బీహ్ తీసుకొని తమ గదిలోకి వెళ్లిపోయారు. ఆ డబ్బా చూసి నాకు నా తొమ్మిదవ తరగతి గుర్తుకు వచ్చింది. ప్రతి ఇంట్లోని ప్రతి ఆడబిడ్డకూ ఆ నిశ్చింతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.